రక్తంలో లేనిది

మా అమ్మ అంగిలి నుంచి కోసిన ముక్కని మైనంలో బిగించింది నేనే. శెనగపప్పంత ఉంటుంది. ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళుగా నా పని అదే. ఎవరెవరి ఒంట్లోంచో కోసి పంపిన ముక్కల్ని ఫార్మలిన్ సీసాలోంచి తీసి, మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి, అద్దం మీద పరిచి, రంగు పట్టించి డాక్టరు బల్ల మీద పెట్టాలి. రిపోర్టు రాసేది ఆయన. కానీ బల్ల మీద పెట్టేముందు నేనూ ఒకసారి మైక్రోస్కోపులో చూస్తాను. రంగు సరిగ్గా పట్టిందో లేదో చూడటానికని పేరు. ఇన్నేళ్ళు చూశాక రంగొక్కటే కనబడుతుందా? మంచి ముక్క ఏదో, చెడ్డ ముక్క ఏదో నాకూ తెలిసిపోతుంది. తెలిసినా నోరు మెదపకూడదు. అది మా ఉద్యోగంలో మొదటి నియమం.

అమ్మ విషయంలో నేను నోరు మెదిపాను. మెదిపి అబద్ధం ఆడాను. జాలిపడి ఆడానని చాలాకాలం నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మెప్పు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరు. అంటే మా తాతదీ అమ్మమ్మదీ. అమ్మ చంటిపిల్లగా వాళ్ళ చంకనెక్కి ఓడలో ఈ దీవులకి వచ్చింది. నేనూ, నా తర్వాత నాలుగేళ్ళకి చెల్లీ మాయాబందర్‌లోనే పుట్టాం. తాత వలలు తెచ్చుకుంటే అమ్మమ్మ పొగాకు తెచ్చుకుంది. ఈ దీవుల్లో కొబ్బరి కాసింది, వక్క కాసింది, మా ఆడవాళ్ళకి కావలసిన ఆ ఘాటు పొగాకు మాత్రం దొరకలేదు. వైజాగ్ ఓడ వచ్చినప్పుడల్లా ఎవరో ఒక చుట్టం గోనెసంచిలో పొగాకు కట్టలు వేసుకుని దిగేవాడు. చుట్టం ఎలా ఉన్నాడని అడక్కముందే సంచి విప్పేవాళ్ళు.

మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. తెలియనివాళ్ళు ఉంటారు కనుక చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనని నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదాలు మూస్తారు. నిప్పు లోపల, చల్లటి కొస బయట. పొగ నోట్లోనే తిరుగుతుంది, నుసి నాలుక మీద రాలుతుంది, అప్పుడప్పుడూ ఉమ్మేస్తారు. నాలుక కాలకుండా నిప్పుని అంగిలి కింద ఎలా నిలపాలో తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. బయటివాళ్ళకి ఇదో వింత. మాకు అందులో వింతేమీ లేదు. సముద్రపు గాలికి బయటి నిప్పు నిలవదు, లోపలి నిప్పు ఆరదు. ఒక్క చుట్ట పూటంతా వస్తుంది. చంకలో పిల్లకి నిప్పు తగలదు. రెండు చేతులూ పనిలోనే ఉండొచ్చు. పనిచేసే ఆడదానికి ఇంతకన్నా అనువైన పొగ ఇంకోటి లేదు. అంత తెలివిగా కనిపెట్టుకున్నారు.

అమ్మ జెట్టీ దగ్గర చేపలు ఏరి, పొట్ట చీల్చి, ఉప్పు పట్టించి ఎండబెట్టేది. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. ఆమె చేతులు మోచేతుల దాకా ఉప్పులో ఉండేవి కనుక చుట్ట అంటించే పని నాది. అగ్గిపుల్ల గీసి, ఒక దమ్ము లాగి, నిప్పు రాజుకున్నాక చుట్టని తిప్పి ఆమె పళ్ళ మధ్య పెట్టేదాన్ని. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. దగ్గు రాకుండా అంటిస్తానని జెట్టీ అంతా నాకు మంచి పేరు. చెల్లి నా పక్కనే గొంతుక్కూచుని నేను చేసేదంతా గుడ్లప్పగించి చూసేది. పుల్ల ఊది ఆర్పే పని దానిది. ఆ పని దానికి ఇవ్వకపోతే ఏడ్చేది.

ఇద్దరిలో ఒకరినే చదివించగలనని అమ్మ అనుకుంది. నన్ను పోర్ట్‌బ్లెయిర్ పంపింది. నన్నే ఎందుకు ఎంచిందో నేనెప్పుడూ అడగలేదు, అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. నేను పుస్తకాల సంచితో బస్సెక్కాను, అగ్గిపెట్టె చెల్లి చేతికొచ్చింది. పన్నెండేళ్ళు వచ్చేసరికి అది అమ్మకి ఒకటి అంటించి, తనకీ ఒకటి అంటించుకోవడం మొదలుపెట్టింది.

అమ్మకి వేడన్నం తింటే నోట్లో మంటగా ఉందని మొదట చెల్లే ఫోన్ చేసి చెప్పింది. అమ్మ పటిక నీళ్ళు పుక్కిలించింది, కొబ్బరినూనె పూసింది, చేపముల్లు గుచ్చుకుందని నెలల తరబడి ఆ ముల్లునే తిట్టింది. చివరికి బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. ఆ వారం మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన డాక్టర్లు ఊళ్ళో నోటి జబ్బుల క్యాంపు పెట్టారు. తీసుకెళ్ళాను. వాళ్ళలో ఒక కుర్ర డాక్టరు అమ్మ నోట్లోకి టార్చి వేసి చూశాడు. చూసి, తనతో వచ్చిన కుర్రాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి చూడమన్నాడు. అందరూ చూసేదాకా అమ్మ నోరు తెరుచుకునే కూర్చుంది. తర్వాత అతను క్యూలో ఉన్న జనానికి వినబడేలా హిందీలో అన్నాడు, వీళ్ళు నోట్లో నిప్పు పెట్టుకుంటారు, కాలాక మా దగ్గరికొచ్చి ఏడుస్తారు అని. కొందరు నవ్వారు. అమ్మకి హిందీ రాదనుకున్నాడేమో. ఈ దీవుల్లో హిందీ రానివాళ్ళెవరు?

అమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనేం చేశానో కూడా రాయాలి. నా మెడలో ఆసుపత్రి ఐడీ కార్డు వేలాడుతోంది. దాన్ని వెనక్కి తిప్పాను. నా ఫొటో, నా పేరు కనబడకుండా.

ముక్క కోశారు. రిపోర్టు వచ్చేదాకా అమ్మ నా దగ్గరే ఉంది. అప్పట్లో నేను పోర్ట్‌బ్లెయిర్‌లోనే మిడిల్ పాయింట్‌లో కొట్ల మీద రెండు గదుల్లో ఉండేదాన్ని. వారం రోజులూ ఆమె కిటికీ దగ్గర కూర్చుని కింద ఆటోల్ని చూస్తూ ఉండిపోయింది. అన్నం ముందు పెడితే చేత్తో కెలికి లేచిపోయేది. చుట్టల డబ్బా సంచిలోంచి తియ్యలేదు. నలభై ఏళ్ళలో ఆమె నోరు అంత చల్లగా ఎప్పుడూ ఉండి ఉండదు. నొప్పి కన్నా ఆ క్యాంపులో నవ్విన నవ్వు ఆమెని ఎక్కువ తింటోందని నాకు తెలుస్తూనే ఉంది.

రిపోర్టు తెచ్చిన మధ్యాహ్నం దాన్ని బల్ల మీద పెట్టి, క్యాన్సరేనమ్మా అన్నాను. ఆమె కాగితం వైపు చూడలేదు.

“నాకు నిజం సెప్పు,” అంది. “ఇది నానే తెచ్చుకున్నానేటి?”

నేను ఆమె మొహం చూశాను. ఆ క్యూ, ఆ నవ్వు, నేను తిప్పిన కార్డు, అన్నీ గుర్తొచ్చాయి.

“కాదమ్మా,” అన్నాను. “ఇది రక్తంలోంచి వస్తాది. ఖాందానీ బీమారీ, వంశంలోనే ఉన్న జబ్బు. అమ్మమ్మకీ నోట్లో పుండే కదా. నువ్వు చేసిందేం లేదు.”

అమ్మమ్మ నోట్లో పుండుతోనే పోయింది, అది నిజమే. అమ్మమ్మ కూడా అడ్డపొగే తాగేదన్న మాట మాత్రం మింగేశాను. అమ్మ గుండెల మీంచి బండ దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. ల్యాబ్‌లో పనిచేసే కూతురు చెప్పింది కనుక అది దేవుడు చెప్పినంత లెక్క. ఆ పూట ఆమె గంజి తాగింది. తాగాక సంచిలోంచి డబ్బా తీసింది. ఎలాగూ రక్తంలోంచి వచ్చిందే కదా, మానితే పోయేదా అంది. అగ్గిపెట్టె నేనే అందించాను.

నాకు తెలియక అన్నానా అంటే, అదీ కాదు. డాక్టర్ల వెనక నిలబడి అప్పటికే ఇరవై ఏళ్ళకి పైగా విన్నాను. ఒంట్లో ప్రతి కణం లోపలా అది ఎలా బతకాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే రాత ఒకటుంటుంది. కణం రెండుగా విడిపోయినప్పుడల్లా ఆ రాతంతా మళ్ళీ రాసుకోవాలి. మా ల్యాబ్‌లో కూడా ఏటా పాత రిజిస్టర్‌లోంచి కొత్తదాంట్లోకి పేర్లు ఎక్కించేవాళ్ళం. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసినా ఎక్కడో ఒక అక్షరం తప్పిపోతుంది. మరుసటేడు రాసేవాళ్ళు ఆ తప్పుని తప్పని తెలియక అలాగే ఎక్కిస్తారు. కణంలో దిద్దుబాటు కూడా జరుగుతుంది, చాలా తప్పులు దిద్దుకుపోతాయి, మిగిలినవాటిలో చాలావాటివల్ల ఏమీ కాదు. కానీ కొన్ని ఉండిపోతాయి. బతికిన ప్రతి ఏడూ ఇంకొన్ని చేరతాయి. ఎండకి చర్మంలో చేరతాయి, పొగకి నోట్లోనూ ఊపిరితిత్తుల్లోనూ చేరతాయి, ఏ పాపం చెయ్యనివాడికి వయసు వల్ల చేరతాయి. నేను చుట్ట అలవాటు చేసుకోలేదు గానీ ముప్ఫై ఏళ్ళు ఫార్మలిన్ పీల్చాను, మాస్కు పెట్టుకోమని చెప్పేవాళ్ళు లేని రోజుల నుంచీ. నా లోపల ఏం తప్పులు ఎక్కి ఉన్నాయో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.

అమ్మ అంగిలి రోజూ కాలేది. కాలిన చోట రోజూ కొత్త పొర వేసుకునేది. అంటే రోజూ తిరగరాత. రాసే చోటేమో పొగ, తారు, నిప్పు. నలభై ఏళ్ళు అలా రాస్తే, ఆగు అని చెప్పే అక్షరాలు ఉన్న చోట కూడా ఏదో ఒక రోజు తప్పు పడుతుంది. ఇక ఆ కణం ఆగదు. దాని పిల్లలూ ఆగవు. నేను మైక్రోస్కోపులో చూసింది వాటినే, అడ్డూ అదుపూ లేకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ.

తల్లి కడుపు నుంచే తప్పు రాతతో పుట్టే కుటుంబాలు కూడా ఉంటాయి. అది వేరే సంగతి. అమ్మది అలాంటిదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదని మా డాక్టరే నాతో అన్నాడు. నోట్లో బతికినన్నాళ్ళూ పోగైన తప్పులు ఆ నోటితోనే ఉంటాయి, ఆ మనిషితోనే పోతాయి. కూతురికి రావు. కూతురికి వచ్చేది చుట్ట.

ఇదంతా తెలిసి నేను ఖాందానీ బీమారీ అన్నాను.

మెయిన్‌లాండ్‌లో ఆపరేషన్ చేసి అంగిలి తీసేసి, కన్నం మూయడానికి ఒక ప్లేటు పెట్టారు. నాకు రెండు వారాలే సెలవు దొరికింది. ఎవరూ తెలియని ఊళ్ళో, భాష రాని వార్డులో, నాలుగు నెలలు అమ్మని కనిపెట్టుకుని ఉన్నది చెల్లే. తిరిగొచ్చాక అమ్మ గంజి తాగితే ముక్కులోంచి వచ్చేది. మాట్లాడితే చెల్లికి తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఏడాదిన్నర బతికింది.

ఆ ఏడాదిన్నరలో ఆమె వీధి వీధంతా చెప్పుకుంది, ఇది మా రక్తంలోదట, పోర్ట్‌బ్లెయిర్‌లో మా పెద్దది సెప్పింది అని. చెల్లి ఆమె మాటని జనానికి అర్థమయ్యేలా తిరిగి చెప్పేది. అలా నా అబద్ధం రెండు నోళ్ళలో నానింది. దానితో మా వీధి ఆడవాళ్ళకి ఎంత నిశ్చింతో. పెద్దకర్మ రోజున పక్కింటావిడ టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆవిడా జెట్టీలో పనిచేస్తుంది, ఆవిడ నోట్లోనూ నిప్పే.

“మా ఇంటికాడ ఎవులికీ నేదు దీదీ, ఈ బీమారీ. అయితే నాకేటీ పర్వానేదు గదా?” అని అడిగింది.

ఇంటినిండా జనం. కాదని చెబితే అమ్మకి చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. నేను తల ఊపాను. అవునన్నట్టో కాదన్నట్టో ఎలా కావాలంటే అలా అనుకోగలిగిన ఊపు. ఆవిడ తనకి కావలసినట్టే అనుకుంది. ఖాళీ గ్లాసులు ఏరుతున్న చెల్లి, పెదాల మధ్య చుట్టతో, మా పక్కనుంచే వెళ్ళింది.

నేను ఆ సాయంత్రమే చెల్లిని పక్కకి పిలిచి చెప్పి ఉండొచ్చు. మర్నాడు చెప్పి ఉండొచ్చు. ప్రతి పండక్కీ వెళ్ళాను, అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చుట్ట మానెయ్యవే అని మాత్రం ప్రతిసారీ అనేదాన్ని. అది నవ్వి, రాసిపెట్టుంటే మానితే పోతాదేటి అనేది. నా మాటే నాకు అప్పజెప్పేది. నేను నోరు మూసుకుని అది వండిన చేపల పులుసు తిని బస్సెక్కేదాన్ని.

మొన్న వానలు వెనకబట్టాక ఒక ఉదయం చెల్లి కూతురు నాకు ఫోన్‌లో ఫొటో పంపింది. అది మాయాబందర్‌లో కాలేజీ చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయలేదు, అందుకని వాయిస్ మెసేజ్ పెట్టింది. “పెద్దమ్మా, మమ్మీ రోటీ తినలేకపోతంది. జబర్దస్తీ నోరు తెరిపించి తీసినాను. దేఖో నా ఒకసారి.” టార్చి వెలుతుర్లో చెల్లి అంగిలి. చుట్టూ గోధుమ రంగు చుక్కలు, తెల్లగా పాలిపోయిన పొర, మధ్యలో ఎర్రగా పచ్చి పుండు. నేను ల్యాబ్‌లో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. చూడటానికి ఈసారి మైక్రోస్కోపు అక్కర్లేకపోయింది.

మర్నాడు తెల్లారేసరికి బస్సులో ఉన్నాను. చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చెల్లి ఇంటి వెనక తడిక మీద చేపలు తిరగేస్తోంది, నోట్లో చుట్ట ఉంది. నన్ను చూసి ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించి వచ్చింది. పుక్కిలించేటప్పుడు మొహం చిట్లించింది. నేను నోరు చూపించమన్నాను. చూపించలేదు. లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

అన్నీ రక్తపరీక్షల కాగితాలు. హిమోగ్లోబిన్, షుగరు, ఇంకేవో. అమ్మ పోయినప్పటి నుంచీ ఏటా ఒకటి.

“నువ్వన్నావు గదా రక్తంలోంచి వస్తాదని,” అంది. “అందుకే నాను మానకుండా సూపించుకుంటన్నాను అప్పా. పిల్లకీ సేయించినాను. ప్రతిసారీ నార్మల్ అనే అన్నారు.”

“నోరు ఎవరికైనా చూపించావా?” అని అడిగాను.

“నోరెందుకు? రక్తం బాగుంటే నోటికేటవుద్ది?”

ఆ కాగితాలు ఏడాది వారీగా సర్ది పిన్ను కొట్టి ఉన్నాయి. చదువుకోని మనిషి, ఎంత జాగ్రత్తగా దాచిందో. నేను చూపించిన తలుపు దగ్గర ఏడేళ్ళు కాపలా కూర్చుంది, దొంగ పక్క కిటికీలోంచి వచ్చాడు. నాకు ఏడుపు రాలేదు. పళ్ళు పటపట కొరికేంత కోపం వచ్చింది, నా మీద రావలసిన కోపం. దాన్ని చెల్లి మీదే చూపించాను. ఇంత పుండు పెట్టుకుని ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావని కసిరాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. బట్టలు సర్దుకో, రేపొద్దున్న బస్సుకి వెళ్ళాలి అన్నాను, అంతే.

చెల్లి అంగిలి నుంచి ముక్క కోసినప్పుడు ల్యాబ్‌లో నా పక్క కుర్చీ అమ్మాయి, నేను చేస్తాలే మేడమ్ అంది. వద్దన్నాను. మైనంలో బిగించాను, తరిగాను, రంగు పట్టించాను. చూశాను. అమ్మవాటిలాగే అడ్డూ అదుపూ లేని కణాలు. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయని ఎవరైనా అంటారు, కానీ వాటికి చుట్టరికం ఏమీ లేదు. రెండూ వేరువేరుగా, వేరువేరు నోళ్ళలో, ఒకే నిప్పుకి పుట్టాయి.

డాక్టరు రిపోర్టు రాశాడు. అమ్మదంత ముదరలేదు, మెడలో గడ్డలు లేవు, తొందరగా ఆపరేషన్ చేయిస్తే మంచిది అన్నాడు. చుట్ట ఇక ముట్టకూడదు, ముడితే ఆ నోట్లో మిగిలిన చోట్లకి కూడా ఇదే గతి అని గట్టిగా చెప్పమన్నాడు. మెయిన్‌లాండ్‌కి రిఫర్ చేశారు.

ఇప్పుడు నేనుంటున్నది పోర్ట్‌బ్లెయిర్‌లోనే, మిన్నీ బేలో. వెనక గుమ్మంలో కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆ గుమ్మంలోనే కూర్చున్నాం, చెల్లి, దాని కూతురు, నేను. నేను రిపోర్టు చెప్పాను. చెల్లి నీళ్ళకేసి చూసి, నిట్టూర్చి, అనుకున్నదే గదా, ఖాందాన్‌లో ఉన్నది ఎక్కడికి పోతాది అంది. అది అన్న తీరు నాకు తెలుసు. ఆ రోజు మిడిల్ పాయింట్ గదిలో అమ్మ వదిలిన ఊపిరి అదే. చెల్లికి ఇక ఎవరి మీదా, తన మీద కూడా, కోపం పెట్టుకోనక్కర్లేదు.

అప్పుడు ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది. “పెద్దమ్మా, ఫిర్ నాకు కూడా వస్తదా? నానీకి, మమ్మీకి, తర్వాత నాకేనా?”

ఇరవయ్యేళ్ళ పిల్ల. చుట్ట ఎప్పుడూ ముట్టలేదు. ఏడేళ్ళుగా ఏటా సూది పొడిపించుకుంటూ, వంతు కోసం వరసలో నిలబడ్డట్టు నిలబడి ఉంది. ఆ వరసలో దాన్ని నిలబెట్టింది నేను. ఇటు చెల్లి మొహం, అటు పిల్ల మొహం. ఒకరికి కావలసింది చెబితే ఇంకొకరు మునుగుతారు.

“రాదు,” అన్నాను. “ఇది రక్తంలోది కాదు. మీ అమ్మమ్మకీ రక్తంలోంచి రాలేదు. మీ అమ్మకీ రాలేదు. చుట్ట వల్ల వచ్చింది. నేను మా అమ్మకి అబద్ధం చెప్పాను.”

పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఊరట వల్లో, తల్లి ముందు ఊరట చూపించడానికి సిగ్గుపడో తెలీదు. చెల్లి దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. కోపంగా కూడా లేదు. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటున్నట్టు చూసింది.

“ఏడేళ్ళనాడు సెప్పుంటే నాను మానీదాన్ని,” అంది. “ఇప్పుడు సెప్పి ఏటి లాభం? అమ్మకి సెప్పిందే నాకూ సెప్తే నీ సొమ్మేటి పోను? అమ్మంటే నీకు పేమ. నానంటే నేదు.”

ఇప్పుడు మానినా లాభమేనని, డాక్టరు అదే చెప్పాడని అన్నాను, కానీ ఆ మాట అటువైపు చేరలేదు. చెల్లి లేచి లోపలికెళ్ళి చుట్టల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పారెయ్యమనీ అనలేదు, దాచమనీ అనలేదు. ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. మంట పెడుతున్న నోటితో కూతురితో మాత్రం ఏవేవో మాట్లాడింది. నా పొయ్యి దగ్గర నిలబడి నాకు ఇష్టమైన పులుసు కూడా వండింది, వండి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

ఎయిర్‌పోర్టుకి ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఈసారి నేను వెంట వెళ్ళడం లేదు, పిల్ల వెళ్తోంది. సెలవు అడగొచ్చు. అడిగితే ఇస్తారు కూడా. చెల్లి వద్దంది, పిల్ల చేత చెప్పించింది. గేటు దగ్గర పిల్ల కాగితాలు చూపిస్తుంటే చెల్లి వెనక్కి నా దగ్గరికి వచ్చింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అమ్మ పెట్టుకున్నట్టే.

“అక్కడ డాక్టరు అడుగుతాడు గదా, ఎప్పటి నుంచి తాగుతున్నావని,” అంది. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

“నిజం చెప్పు,” అన్నాను.

“పన్నెండేళ్ళప్పుడు అంటించుకున్నాను. ఎలగ అంటించాలో అంతకు ముందే వచ్చు నాకు. నీ సెయ్యి సూసి నేర్సుకున్నాను. అదీ సెప్పీమంటావా?”

పిల్ల గేటు దగ్గర నుంచి తల్లిని పిలుస్తోంది. జనం మమ్మల్ని తప్పుకుని లోపలికి వెళ్తున్నారు.

“చెప్పు,” అన్నాను.

చెల్లి తల ఊపి, సంచి భుజానికి తగిలించుకుని గేటు వైపు వెళ్ళింది.